ఆరు భాషల క్యాసెట్టు, ఒక ఊలు సూటు

ఆ రోజుల్లో ప్రపంచంలో కొత్తగా ఏది పుట్టినా అది ముందు ఓడెక్కి విశాఖపట్నమే వస్తుందని మా గట్టి నమ్మకం. జీన్సు ప్యాంట్లూ, అంకెలు వెలిగే చేతి గడియారాలూ, జపాను టేపురికార్డర్లూ అన్నీ హార్బరు గేటు దగ్గర దిగాకే మిగతా దేశానికి వెళ్ళేవని చెప్పుకునేవాళ్ళం (మిగతా దేశంలో మాకు తెలిసింది అనకాపల్లి దాకానే). పైగా స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. టీ కొట్టు దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే చాలు, అరవం, ఒరియా, బెంగాలీ, హిందీ అన్నీ చెవిన పడేవి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఐటీఐ పూర్తిచేసి, పడవల ఇంజన్లు బాగుచేసే ఓ వర్క్‌షాపులో అప్రెంటీసుగా చేరి, వన్‌టౌనులో మా మావయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఒంటికి గ్రీజు, తలకి పొడుగు జుట్టు, మనసులో మాత్రం నేనొక కళాకారుణ్ణి. ఆ మూడోదాని గురించి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే, తెలియకపోవడమే మంచిదైంది.

ఆ రహస్యాన్ని మొదట కనిపెట్టినవాడు గిటారు బావ. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు, మా ఊళ్ళో ఇద్దరు మగాళ్ళు రెండోసారి టీ తాగితే బావలైపోతారు. అతను ఓడలకి కూరగాయలూ సబ్బులూ సరఫరా చేసే ఆఫీసులో గుమాస్తా. ఆదివారం పొద్దున్నే చర్చిలో గిటారు వాయించేవాడు. ఓసారి ఒక ఓడలో రేడియో ఆఫీసరు అతనికి ఒక క్యాసెట్టు ఇచ్చాడు. అందులో ఎవరో యూరప్ కుర్రాళ్ళు పాటకో భాష చొప్పున పాడారు. గిటార్లున్నాయి, గుండెలో కొట్టుకున్నట్టు ఆగకుండా ఒకటే బీటుంది, పాడే మనిషి మాత్రం ఏమీ పట్టనట్టు చల్లగా పాడతాడు. దాన్ని న్యూ వేవ్ అంటారని రేడియో ఆఫీసరు చెప్పాడట. మేమిద్దరం దాన్ని టేపు సాగిపోయేదాకా విన్నాం. విని విని గిటారు బావ ఒక రోజు అన్నాడు, "బావా, ఆళ్ళు నాలుగు బాసలే పాడేరు. మనకి టీ కొట్టు కాడే ఆరున్నాయి. మనవే ఓ ఆల్బమ్ సేసీవచ్చు కదేటి?"

భాషల లోటు తీర్చింది వాళ్ళ అక్క. ఆవిడ టెలిఫోను ఎక్స్చేంజిలో పై ఊళ్ళకి ట్రంకు కాల్సు కలిపే ఆపరేటరు. గొంతు ఎంత బాగుండేదంటే, లైను దొరకలేదని ఆవిడ చెబితే కూడా జనం థాంక్సు చెప్పి పెట్టేసేవారు. మద్రాసు, కటకం, కలకత్తా, బొంబాయి ఆపరేటర్లతో రోజూ మాట్లాడీ మాట్లాడీ ఆవిడకి ఆరు భాషల్లో మాటలొచ్చేవి. కాకపోతే ఆ మాటలన్నీ ఒకటే రకం: 'లైను కలవడం లేదు', 'మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా', 'గట్టిగా మాట్లాడండి', 'అవతలివాళ్ళు పలకడం లేదు'. అవే మాటలు. అరవంలో ప్రేమించడం ఎలాగో ఆవిడకి తెలియదు గానీ, అరవంలో లైను కట్టయిపోతే ఏమనాలో క్షుణ్ణంగా తెలుసు. మేం మొదట దిగాలుపడ్డాం. తర్వాత ఆ మాటల్ని గిటారు మీద ఒకసారి పాడి చూస్తే, ఇవి ప్రేమగీతాలు కావని ఎవడైనా అంటే వాడు ప్రేమించినవాడు కాదనిపించింది. అలా ఆరు భాషల్లో ఆరు పాటలు తయారయ్యాయి, ఆరూ ట్రంకు కాలు గురించే. అయిదింటిని అక్కాతమ్ముళ్ళిద్దరూ కట్టారు. తెలుగు పాట నేను రాశాను. "అవతలివారు పలకడం లేదు, లైను మాత్రం తెరిచే ఉంది" అన్నది పల్లవి. రాసిన రోజున నా చేతిరాత చూసి నేనే మురిసిపోయాను. బృందానికి 'న్యూ వేవ్ బాయ్స్' అని పేరు పెట్టాం (అక్కని కూడా బాయ్స్‌లోనే కలిపేశాం. ఆవిడ ఏమీ అనలేదు, ఎక్స్చేంజిలో ఆవిణ్ణి 'సార్' అన్నవాళ్ళే ఎక్కువట).

నా వాయిద్యం సంగతి చెప్పాలి. న్యూ వేవ్‌కి డ్రమ్ మెషీన్ ఉండాలి, మాకు లేదు. మా మావయ్య దర్జీ. ఆయన కాలితో తొక్కే కుట్టు మిషను దారం తీసేసి, సూది కింద కాలర్లలో వేసే గట్టి బక్రం గుడ్డ రెండు మడతలు పెట్టి తొక్కితే టకటకటకమని ఆగకుండా బీటు వచ్చేది. అదే నా వాయిద్యం. దానికంటే ముఖ్యం మావయ్య కొట్టు. గిటారు బావ వాళ్ళింట్లో రికార్డు చేసి చూస్తే స్లాబు ఇల్లు కదా, నూతిలో దిగి పాడినట్టు వచ్చింది. అదే మావయ్య కొట్టులో పాడితే, పెళ్ళిళ్ళ రోజులు కావడాన నాలుగు గోడలకీ ప్యాంట్లూ చొక్కాలూ కోట్లూ ఒత్తుగా వేలాడుతున్నాయేమో, పాడిన మాట పాడినచోటే ఉండిపోయింది. ప్రతిధ్వని అన్నది లేదు. గిటారు బావ చప్పట్లు కొట్టి విని, కళ్ళు మూసుకుని, "స్టూడియో బావా ఇది" అన్నాడు. అతని టూ-ఇన్-వన్ టేపురికార్డరుకి ఉన్నది ఒకటే మైకు కాబట్టి, ఎవరి చప్పుడు ఎంత వినపడాలో దాన్నిబట్టి మనుషుల్నే దూరంగా దగ్గరగా నిలబెట్టేవాడు. మావయ్య గుర్తులు పెట్టే సుద్దతో నేల మీద గీతలు గీసి, అక్క ఇక్కడ, గిటారు ఇక్కడ, మిషను గుమ్మం దగ్గర అని ఖాయం చేశాడు.

ఇక మా మావయ్య. లోకంలో చెప్పిన రోజుకి బట్టలిచ్చే దర్జీని మీరు చూసి ఉండరు. నేను చూశాను, ఆయనింట్లో అన్నం తిన్నాను. గుడ్డ పుచ్చుకున్నప్పుడే దాని లోపలివైపు సుద్దతో ఇచ్చే తారీకు వేసేవాడు. ఆ తారీకు దాటనిచ్చిన పాపాన పోలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని కుట్టాడు. తుఫానొచ్చి కరెంటు పోతే హరికేన్ లాంతరు పెట్టుకుని కుట్టాడు. తోటి దర్జీలకి ఆయనంటే పడేది కాదు, వాళ్ళ ఖాతాదార్లు ఆయన్ని చూపించి దెప్పేవారు మరి. ఆయనకి గొప్పలు చెప్పుకోవడం రాదు. ఎవరైనా పొగిడితే "సెప్పిన రోజుకి ఇయ్యకపోతే ఆడింక దర్జీ ఏటి?" అని ఊరుకునేవాడు. ఆయన ఆస్తంతా ఆ పేరే. ఆదివారం కుట్టుపని ఉండదు. ఆయన పొద్దున్నే బస్సెక్కి సబ్బవరం దగ్గర మా పొలం చూసుకుని సోమవారం తిరిగొచ్చేవాడు. ఆ ఒక్కరోజూ కొట్టు తాళం నా చేతిలో పెట్టి, వచ్చినవాళ్ళకి తయారైన బట్టలు ఇవ్వమనేవాడు. అంతే నా పని. ఆ తాళం నాకు స్టూడియో తాళమైంది.

మొదటి ఆదివారం హిందీ, ఇంగ్లీషు, ఒరియా పాటలు అయ్యాయి. బ్రహ్మాండంగా వచ్చాయి. రెండో ఆదివారానికి ఆ రేడియో ఆఫీసరు ఓడ మళ్ళీ రేవులో ఉంది. మర్నాడు మధ్యాహ్నం సింగపూరు వెళ్ళిపోతుంది. అక్కడ తనకి తెలిసిన రికార్డుల కంపెనీ ఒకటుందనీ, క్యాసెట్టు ఇస్తే వినిపిస్తాననీ అతను మాటిచ్చాడు. అంటే మిగిలిన మూడు పాటలూ ఆ ఒక్కరోజులో అయిపోవాలి. అయితే ఆ వారమంతా ముహూర్తాలు. జనం వచ్చి బట్టలు పట్టుకుపోతుంటే కొట్టు ఖాళీ అవుతోంది. ఖాళీ అవుతున్న కొద్దీ పాట గోడలకి కొట్టి మోగుతోంది. గిటారు బావ ప్రతి ప్యాకెట్టు బయటికెళ్ళాక చప్పట్లు కొట్టి వినేవాడు. బట్టల సంగతి మావయ్య కంటే అతనికే ఎక్కువ తెలిసిపోయింది. "టెర్లిన్ పట్టుకుపోనీ, అది వేస్టు. కాటన్ పర్లేదు. ఆ నీలం ఊలు సూటు మాత్రం ఇయ్యకు బావా. ఆ గోడంతా అదే కాస్తంది," అన్నాడు. (గోడకి దుప్పటి కట్టుకోవచ్చు కదా అని మీకు వెంటనే తోచింది. మాకు తోచలేదు. కళాకారులం.)

ఆ నీలం సూటు ఒక పెళ్ళికొడుకుది. తగరపువలసలో స్కూలు మేష్టారు, సోమవారం పొద్దున్న చర్చిలో పెళ్ళి. సూటు మీద ఆదివారం తారీకు వేసి ఉంది. పదకొండింటికి ఆయన వచ్చాడు. అప్పటికి బెంగాలీ పాట సగంలో ఉంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "లోపల లైనింగు పని కొంచెం మిగిలింది మేష్టారూ, మజ్జాన్నం రండి" అన్నాను. అంత నున్నగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. మూడింటికి మళ్ళీ వచ్చాడు. అప్పటికి అరవం పాట కూడా అయిపోయింది, మిగిలింది నేను రాసిన తెలుగు పాట ఒక్కటే. నిజం చెబుతున్నాను, మిగిలింది ఏ హిందీ పాటో అయితే సూటు ఇచ్చేసేవాణ్ణేమో. నా పాట మోగిపోతుందన్న బెంగతో, "మీరు బస్సులో పట్టుకెళ్తే నలిగిపోద్దని, రేపు తెల్లారే మా మావయ్యే తగరపువలస తెచ్చి ఇస్తానన్నాడండి" అనేశాను. ఆయన ముఖంలో అనుమానం రాలేదు, సంతోషం వచ్చింది. "మీ మావయ్యగారు అన్నారంటే ఇంకేటుంది. నిశ్చింతగా ఉంటాను" అన్నాడు. అన్నేళ్ళు చెమటోడ్చి మావయ్య సంపాదించిన నమ్మకాన్ని నేను పక్కవాడి సైకిలులా తీసి తొక్కేస్తున్నానని అప్పుడే తెలిసింది. అయినా తలుపు వేసి వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

అక్క రెండుసార్లు గొంతు సవరించుకుంది. గిటారు బావ మీట నొక్కాడు. నేను తొక్కడం మొదలుపెట్టాను. అక్క "అవతలివారు" అని అందుకుంది, అంతే, తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మా మావయ్య, ఆయన వెనక పెళ్ళికొడుకు మేష్టారు. విషయమేమిటంటే, సూటు ఎలా అమరిందో తన కళ్ళతో చూసుకోకపోతే మావయ్యకి పొలంలో కాలు నిలవలేదట. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాడు. బస్టాండులో దిగేసరికి మేష్టారు ఎదురొచ్చి, "రేపు మీరే తెస్తానన్నారట, మీకెందుకండీ అంత శ్రమ" అన్నాడట. మావయ్య ఆయన్ని రిక్షా ఎక్కించుకుని తీసుకొచ్చేశాడు. ఎదురుగా గోడ మీద పూర్తయిపోయి, ఇస్త్రీ మడతలతో సూటు వేలాడుతోంది. నా కాళ్ళు మిషను తొక్కడం మర్చిపోయాయి. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది.

మావయ్య సూటు వంక చూశాడు, మిషను వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ చూపుకి నేను అక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. తర్వాత మేష్టారి వైపు తిరిగి, ఆయన నోట నేనెన్నడూ వినని మాట అన్నాడు. "బాబూ, నానొచ్చి ఓపాలి సూసేవరకూ సూటు ఇయ్యొద్దని ఈడికి నానే సెప్పినాను. ఆలీసం నాది. తప్పు నాదే." జీవితంలో ఆలస్యం చెయ్యని మనిషి, చెయ్యని ఆలస్యాన్ని నెత్తినేసుకున్నాడు. అబద్ధమాడ్డం ఆయనకి అలవాటు లేదు, నుదుటి మీద చెమట పట్టేసింది. అబద్ధం ఆడింది నేను, చెమట ఆయనకి. మేష్టారు "అయ్యో, దానికేటండీ" అన్నాడు. మావయ్య సూటు తీసి ఆయన చేతిలో పెట్టి, కొట్టు వెనక కర్టెన్ చాటుకి పంపాడు వేసుకు చూడమని.

కర్టెన్ పడగానే మావయ్య గొంతు తగ్గించి, "ఏటిరా అల్లుడూ ఇది? ఏటి సేత్తన్నారు మీరు?" అన్నాడు. గిటారు బావే గుసగుసగా మొత్తం చెప్పేశాడు, ఓడ, సింగపూరు, ప్రతిధ్వని, ఊలు, నేనాడిన రెండు అబద్ధాలు, ఏదీ దాచకుండా. అక్క తలొంచుకుని నిలబడింది. మావయ్య చెంప పగలగొడతాడనుకున్నాను. ఆయన ఖాళీ అయిన గోడ ముందుకెళ్ళి, గిటారు బావలాగే ఓసారి చప్పట్లు కొట్టి, చెవి వొగ్గి విన్నాడు. ఇంకోచోట నిలబడి మళ్ళీ కొట్టాడు. "అవునురా, మోగతంది" అన్నాడు. పనివాడికి ఇంకో పనివాడి బాధ చెబితే ఎలా వింటాడో అలా విన్నాడు. ఈలోగా మేష్టారు సూటుతో బయటికొచ్చాడు. మావయ్య చుట్టూ తిరిగి చూసి, చేతి బొత్తాం ఒకటి మళ్ళీ బిగించి, భుజం మీద లేని నలక ఒకటి దులిపాడు. అప్పుడు, "బాబూ, ఈ పిల్లలు పాటొకటి టేపులోకి పట్టుకుంటన్నారు. మీరీ సూటుతో ఆ గోడకాడ మూడు నిమిసాలు నిలబడితే వాళ్ళకి సాయమంట. కదలకండి, దగ్గకండి" అన్నాడు.

మర్నాడు పెళ్ళి పెట్టుకున్న మనిషి, సుద్ద గీత మీద గోడకి వీపానించి, చేతులు కొంచెం వెడల్పుగా చాచి నిలబడ్డాడు. చేతులు చాచమని గిటారు బావ చెప్పాడు, ఊలు ఎక్కువ పరుచుకుంటుందని. నేను మిషను వైపు నడిచాను. మావయ్య నా భుజం పట్టుకుని ఆపాడు. "నువ్వు లెగు. గుమ్మంలోంచి ఇన్నాను నీ తొక్కుడు. ఓపాలి పరిగెడతాది, ఓపాలి కుంటతాది. దాని మీద గుడ్డ ఉంటే ముడతలు పడిపోయీది" అని తనే కూర్చున్నాడు. ఆయన పాదం ఆడిందంటే మొదటి టక్కు నుంచి చివరి టక్కు దాకా గీత గీసినట్టు వచ్చింది. అక్క పాడింది. నాకు పనిలేక గోడవారన నిలబడి విన్నాను. నా పాటే అయినా, అంత బాగుంటుందని నాకు తెలియదు.

మిగతా కథ చిన్నదే. క్యాసెట్టు సోమవారం ఓడెక్కింది. సింగపూరు దాటిందో, దారిలో ఎవడైనా దాని మీద వాతావరణ వార్తలు పట్టుకున్నాడో తెలియదు, ఇప్పటిదాకా కబురు లేదు. గిటారు బావ మా కోసం ఒక కాపీ తీసి ఉంచాడు. తెలుగు పాటకి ముందు ఆగిపోయిన మొదటి ప్రయత్నం ఉంది చూశారూ, దాని తోక కాస్త అందులో మిగిలిపోయింది. తలుపు కిర్రుమనడం, తర్వాత "తప్పు నాదే" అన్న మావయ్య గొంతు. మావయ్య నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండునని ఎన్ని రోజులు ఎదురుచూశానో. అంతకంటే పెద్ద శిక్ష ఒకటి వేశాడు, వేస్తున్నట్టు ఆయనకి తెలియదు. తర్వాత ఎవరైనా "మీరు ఒక్కరోజు కూడా ఆలీసం సెయ్యలేదటగా" అంటే, "లేదండి, ఓ పెళ్ళికొడుకు సూటు కాడ ఒక్కపాలి సేసినాను" అనేవాడు. ఒకసారి ఆలస్యం తనదని చెప్పాడు కాబట్టి, ఇక అది ఆయన లెక్కలో ఆయనదే. నేను పక్కనుండి నోరు విప్పబోతే "పోయి టీ పట్రా" అని పంపేసేవాడు. ఆయన పోయినప్పుడు కూడా పరామర్శకి వచ్చిన ఒక ముసలి దర్జీ, "మహానుభావుడు, ఒక్కసారి తప్ప మాట తప్పలేదు" అన్నాడు. ఆ ఒక్కసారి నాది. నా తప్పు ఆయన పేరుకి మచ్చగా ఉండిపోయిందని అప్పుడు కుమిలిపోయాను.

నేనూ రిటైరయ్యాను. మొన్నామధ్య ఆ క్యాసెట్టు పాటల్ని మా అమ్మాయి ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. అవి విన్నాక మరి ఉండలేక తగరపువలస వెళ్ళాను. మేష్టారు హెడ్మాష్టరుగా రిటైరై, వీధరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. పేరు చెబితే గుర్తుపట్టలేదు, సూటు అనగానే గుర్తుపట్టారు. పాట వినిపించాను. చెవికి ఫోను ఆనించుకుని చివరిదాకా విని, "ఇందులో నానెక్కడున్నానయ్యా?" అన్నారు. "మీరు వినపడరండి. మీరున్నారు గనక ప్రతిధ్వని వినపడదు" అన్నాను. ఆయన తలూపి ఇంకోసారి పెట్టమన్నారు. అది పూర్తయ్యాక, నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కొక్కటే చెప్పాను. ఆలస్యం మా మావయ్యది కాదనీ, లైనింగు పని ఏమీ మిగల్లేదనీ, రెండు అబద్ధాలూ నావేననీ.

ఆయన తాపీగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలుసయ్యా. ఆ కర్టెన్ అవతలున్నాను గానీ సెవిటోణ్ణి కాదు కదా. మీ గిటారాయన గుసగుస అంటే బీచి దాకా ఇనపడతాది" అన్నారు. ఆయనే మళ్ళీ, "మర్నాడు పెళ్ళికి మీ మావయ్యొచ్చి చర్చిలో ఆఖరి బెంచీ మీద కూకున్నాడు, నా భుజాల మీద సూటెలాగుందో చూసుకుంటా. నానెల్లి, మీ తప్పేటీ లేదని నాకు తెలుసండీ అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. 'మా అల్లుడు రాసినాడండి ఆ పాట. ఆ పిల్ల అవతలివారు పలకడం లేదన్నకాడ నాకు కాలు ఆడలేదు, ఎలాగో తొక్కీసినాను' అన్నాడు. మూడుసార్లు సెప్పేడు. నా పెళ్ళిలో నీ పాట గురించే సెప్పుకున్నాడయ్యా ఆయన" అన్నారు. మావయ్య నాతో ఆ పాట బాగుందని ఒక్కనాడూ అనలేదు. నేను అడగనూ లేదు. అరవై దాటినవాణ్ణి, వాళ్ళ అరుగు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు వెతుక్కున్నాను.

"మేష్టారూ, సారీ అండి. ఆ రోజు చెప్పాల్సింది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు, హోంవర్కు తేని పిల్లాణ్ణి చూసినట్టు. "సెప్పిన రోజుకి బట్టలిచ్చీవోడు మీ మావయ్య. ఆయన మేనల్లుడివై ఉండి, ఒక్క సారీ తేవడానికి నలభై ఏళ్ళా? ఇంత ఆలీసమేటయ్యా?" అన్నారు. చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడి నవ్వేశాను. ఆయనా నవ్వి, లోపలికి కేకేసి నాకు టీ పెట్టమన్నారు.